లంగరు జారిపోతోందా? లంగరు మార్చే ముందు తాడు కొలవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక తగిలించే 15 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజన్, నరసాపురం దిగువన గోదావరి పాయ వశిష్ఠలో తిప్పుతున్నారు. బోటు అమ్మినాయన 5 కిలోల లంగరు, 15 మీటర్ల పచ్చ ప్లాస్టిక్ తాడు చేతిలో పెట్టాడు. నాలుగు మీటర్ల నీళ్ళలో లంగరేసుకుని భోంచేస్తుంటే బోటు మెల్లగా జారి ఇసుక మేట ఎక్కేసింది. ఇప్పుడు 10 కిలోల లంగరు కొనాలా, రాత్రిపూట రేవులో ఎలా కట్టాలి, మధ్యలో ఇంజన్ ఆగిపోతే ఫ్రెండ్ బోటుకి కట్టి లాగించుకోవచ్చా అని మూడు అడిగారు. ఇంజన్ల రిపేరు, బోట్లు నడపడం రెండూ చేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, టైం ఉన్నప్పుడు చదవండి.

10 కిలోలది కొనకండి. ముందు తాడు కొనండి.

లంగరు పడవని ఆపేది బరువుతో అని చాలామంది అనుకుంటారు, అందుకే జారగానే ఇంకా పెద్దది వెతుకుతారు. 5 కిలోల ఇనుము బరువుతో ఏ పడవనీ ఆపలేదండి, నాగలి కర్రులా అడుగున దిగబడితేనే పట్టు. దిగబడాలంటే లాగుడు నేలకి దాదాపు సమాంతరంగా రావాలి, పైకి లాగితే కర్రు లేచిపోతుంది. అంటే తాడు ఎంత పొడుగ్గా వదిలితే అంత పట్టు. ఇప్పుడు మీ లెక్క చూడండి. మీరు చెప్పిన నాలుగు మీటర్లు పాటు మీద, అంటే నీళ్ళు తీసినప్పుడు ఉన్న లోతు అనుకుందాం, దానికి నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక 70 సెంటీమీటర్లు కలపండి, పోటు వచ్చాక పెరిగే నీళ్ళు కలపండి, మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, అమావాస్య పౌర్ణమికి ఒకటిన్నర మీటరు దాకా తేడా ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది కానీ మనం ఎక్కువే వేసుకుందాం. మొత్తం 6.2 మీటర్లు. పగలు మనిషి పడవలో ఉండగా, గాలి పెద్దగా లేనప్పుడు దీనికి ఐదు రెట్లు వదలాలి, అంటే 31 మీటర్లు. రాత్రంతా ఉండాలన్నా, గాలి తిరిగినా ఏడు రెట్లు, అంటే 43 మీటర్లు. మీ దగ్గరున్నది 15, అందులో ముళ్ళకి పోగా 14. రెండు రెట్లు చిల్లర. లంగరు ఎన్ని కిలోలదైనా ఆ కోణంలో పట్టదు.

ఆ పచ్చ తాడు ఇంకో సమస్య. పాలీప్రొపిలీన్ నీళ్ళమీద తేలుతుంది, సాగదు, ఎండకి పీచు పీచుగా అయిపోతుంది. తేలే తాడు పక్కన పోయే బోటు ప్రొపెల్లర్‌కీ చుట్టుకుంటుంది, మీ దానికీ చుట్టుకుంటుంది. లంగరుకి మూడు పేటల నైలాన్ తాడు, 12 మిల్లీమీటర్లది, 50 మీటర్లు తీసుకోండి. నైలాన్ మునుగుతుంది, కుదుపు వస్తే సాగి దాన్ని తనలో తీసేసుకుంటుంది, లంగరు మీదకి వెళ్ళనివ్వదు. తాడుకీ లంగరుకీ మధ్య 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ గొలుసు ఒక 5 మీటర్లు, అంటే సుమారు 7 కిలోలు. ఈ 7 కిలోలు మీరు కొందామనుకున్న అదనపు 5 కిలోల కన్నా చాలా ఎక్కువ పని చేస్తాయి, ఎందుకంటే గొలుసు నేలమీద పడుకుని లాగుడుని కిందకే ఉంచుతుంది, పైగా అడుగునున్న ఆల్చిప్పలకీ రాళ్ళకీ నైలాన్ కోసుకుపోకుండా కాపాడుతుంది. గొలుసుని లంగరుకి తగిలించే షాకిల్ పిన్ను బిగించి వదిలేయకండి, అది తిరిగి తిరిగి ఊడిపోతుంది, రంధ్రంలోంచి స్టీలు వైరు పోనిచ్చి మెలిపెట్టండి, మామూలు బైండింగ్ వైరైతే ఉప్పునీటికి ఒక్క సీజన్‌లో తుప్పు పట్టి పొడి అయిపోతుంది.

లంగరు రకం గురించి కూడా ఒక మాట. వశిష్ఠ అడుగు ఎక్కువ భాగం ఇసుక, ఒండ్రు కాబట్టి రెండు వెడల్పు రెక్కలు మడిచే డాన్‌ఫోర్త్ రకం తక్కువ బరువులోనే బాగా పడుతుంది. దానికున్న లోపం మీ ఏరియాలోనే బయటపడుతుంది. ఆరు గంటల చిల్లరకోసారి నీటి లాగుడు తిరగబడుతుంది కదా, అప్పుడు పడవ అటు నుంచి ఇటు తిరిగి లంగరుని వెనక్కి పీకుతుంది, డాన్‌ఫోర్త్ ఒక్కోసారి ఊడి, రెక్కల మధ్య ఇంత ముద్ద బురదో చిక్కుకున్న వలముక్కో పెట్టుకుని మళ్ళీ దిగకుండా నేలమీద జారుతూ పోతుంది. కాబట్టి దానిమీద నమ్మకంతో పడవ వదిలేసి వెళ్ళేది ఒక పోటు లోపలే, నీరు తిరిగే టైంకి మీరు పడవలో ఉండాలి. నాలుగు కొక్కేల గ్రాప్నెల్ లంగరు మన ఊళ్ళలో ప్రతి షాపులో దొరుకుతుంది, రాళ్ళలో బాగా తగులుకుంటుంది, మెత్తటి ఒండ్రులో మాత్రం దువ్వెన దువ్వినట్టు గీసుకుంటూ వచ్చేస్తుంది. మీ ఫోటోలో ఉన్నది అదే అనిపిస్తోంది.

వేసే పద్ధతి. నీటి లాగుడుకి ఎదురుగా వెళ్ళి, ఆగాలనుకున్న చోటికి ఇంకా పైకి పోయి, పడవ పూర్తిగా ఆగాక ముక్కు నుంచి లంగరుని చేత్తో దించండి. సినిమాల్లోలా గిరగిరా తిప్పి విసరకండి, గొలుసు దాని మీదే పడి చుట్టుకుంటుంది, పైగా తాడు చుట్టల్లో కాలు ఉంటే మనిషి కూడా పోతాడు. అడుగు తగిలాక పడవని వెనక్కి జారనిస్తూ తాడు వదులుతూ ఉండండి, సగం దాకా వదిలాక ఒకసారి మెల్లగా బిగించి ముక్కు సూటిగా నిలబడిందో లేదో చూసి మిగతాది వదలండి. మొత్తం వదిలి క్లీట్‌కి, అంటే తాడు చుట్టి కట్టే రెండు కొమ్ముల ఇనుప ముక్కకి కట్టాక ఇంజన్ రివర్స్‌లో ఐడిల్ మీద కొద్దిసేపు లాగించండి. అప్పుడు బిగిసిన తాడు మీద అరచెయ్యి ఆనించండి. పట్టిన లంగరైతే తాడు నిమ్మళంగా బిగుసుకుంటుంది, జారుతుంటే మాత్రం గుడుగుడుమని వణుకు చేతికి తెలుస్తుంది, ఎంత చిన్నగా జారుతున్నా తెలుస్తుంది. తర్వాత గట్టు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు పెట్టుకోండి, ముందు ఒక కొబ్బరిచెట్టు వెనక సెల్ టవర్ ఏదైనా సరే, అవి రెండూ విడిపోతూ ఉంటే పడవ కదులుతున్నట్టే. ఆ రోజు భోంచేసేటప్పుడు ఇదొక్కటి చూసుకునుంటే మేట ఎక్కే దాకా తెలియకపోవడం ఉండేది కాదు.

ఇక ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. చేపలు పట్టుకోవడానికి సౌకర్యంగా ఉంటుందని లంగరు తాడు వెనక ఇంజన్ దగ్గర కట్టేవాళ్ళుంటారు. అవుట్‌బోర్డ్ బోటుకి వెనకభాగమే అన్నిటికన్నా కిందకి ఉంటుంది, ఇంజన్ బరువు అక్కడే, మనిషి కూర్చునేది అక్కడే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు వెళ్ళినప్పుడు వచ్చే అల చాలు, వెనక నుంచి నీళ్ళు ఎక్కుతాయి, ఎక్కిన నీటి బరువుకి ఇంకా కిందకి దిగుతుంది, రెండో అలకి పడవ ఉండదు. లంగరు ఎప్పుడూ ముక్కుకే.

వరద రోజుల్లో అయితే అసలు నదిలో లంగరు మీద ఉండకండి. నీటి వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలు అవుతుంది, అది ఒకటి. రెండోది గుర్రపుడెక్క. ఎర్రనీరు దిగేటప్పుడు మంచాలంత మంచాలంత గుబుర్లు తేలుకుంటూ వచ్చి సరిగ్గా మీ లంగరు తాడుకి తగులుకుంటాయి, ఒకదానికొకటి చేరి గంటలో పడవంత వెడల్పు అవుతాయి, ఇక లంగరు మోసేది మీ పడవనే కాదు ఆ పచ్చటి దిబ్బని కూడా. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన టైంలో ఎగువన కట్టిన పెద్ద బోట్లు తెంపుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకుని, గేట్లు ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మలు (కౌంటర్ వెయిట్లు) పాడైన సంగతి తెలిసిందే కదా, మామూలు రోజుల్లో నిక్షేపంగా ఆగిన కట్టు వరదకి ఆగుతుందని అనుకోకూడదు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అనే మాట వినగానే చిన్న బోటుని గట్టుకి లాగించేసి ఇంజన్ ఇంటికి తీసుకెళ్ళిపోండి.

లంగరు ఎత్తేటప్పుడు చేతులతో పడవని లాక్కోకుండా ఇంజన్‌తో మెల్లగా దాని మీదకి వెళ్ళి తాడు నిలువుగా అయ్యాక ఎత్తండి, నిలువుగా లాగితేనే ఊడుతుంది. ఇరుక్కుపోతే తాడు పొట్టిగా ముక్కు క్లీట్‌కి వేసి, వేసిన దిశకి ఎదురు దిశలో మెల్లగా ముందుకి వెళ్ళాలి. అప్పటికీ రాకపోతే కోసేయండి, లంగరు కోసం పడవ ముక్కు నీళ్ళలోకి వంగేదాకా పట్టుబట్టి లాగడం అవసరం లేదు. పాత వంతెనల దగ్గర, ఎండుమొద్దులున్న చోట వేయాల్సొస్తే ముందే లంగరు తలకి వేరే సన్నతాడు కట్టి దాని పైకొసకి ఖాళీ డబ్బా కట్టి వదలండి, ఇరుక్కుంటే ఆ తాడు లాగితే వెనక నుంచి ఊడొస్తుంది. మీ పచ్చ తాడు సరిగ్గా దీనికే పనికొస్తుంది, పారేయకండి.

ఇప్పుడు రేవులో కట్టడం. మన రేవుల్లో చూసేది ఏమిటంటే ముక్కు నుంచి ఒక్క తాడు, గట్టు మీద స్తంభానికి బిగించి ముడి, అంతే. పోటు మీద వచ్చి అలా పొట్టిగా కట్టి పోతారు, నీళ్ళు దిగాక చూస్తే పడవ ముక్కు స్తంభానికి వేలాడుతూ, వెనక ఇంజన్ సగం నీళ్ళలో మునిగి ఉంటుంది. పాటు మీద పొట్టిగా కడితే ఇంకా దారుణం, నీళ్ళు పెరిగినా ముక్కు పైకి లేవలేదు. తాడు నిలువుగా కాకుండా ఏటవాలుగా, పొడుగ్గా పోవాలండి. పడవ పొడవంత దూరంలో ఉన్న స్తంభానికి కడితే నీళ్ళు మీటరు దిగినా తాడు కొద్దిగా మాత్రమే బిగుస్తుంది. కాబట్టి ముక్కు తాడు ముందుకి దూరంగా, వెనక తాడు వెనక్కి దూరంగా, ఇవి కాక ముక్కు దగ్గర నుంచి వెనక్కి ఒకటి, వెనక నుంచి ముందుకి ఒకటి, ఈ అడ్డతాళ్ళే పడవ ముందుకీ వెనక్కీ ఊగి పక్క బోటుని కొట్టకుండా ఆపేవి. క్లీట్‌కి కట్టేటప్పుడు ముందు అడుగున ఒక పూర్తి చుట్టు, తర్వాత ఎనిమిది ఆకారంలో ఒకసారి, చివర ఒక తిరగేసిన మెలిక, చాలు. దానిమీద పది చుట్లు చుట్టేవాళ్ళకి అవసరమైనప్పుడు చీకట్లో విప్పడం తెలియదు. గట్టు అంచుకి తాడు రాసుకునే చోట పాత గార్డెన్ పైపు ముక్క తొడగండి. పక్కన పాత స్కూటర్ టైర్లు వేలాడదీస్తే సరిపోతుంది, నల్ల మరక పడుతుందంటే పాత చీర చుట్టండి, ఇక్కడ ఎవరూ నవ్వరు.

వానాకాలంలో కట్టి వదిలేసే పడవకి తాడు కన్నా వాన ప్రమాదం. 100 మిల్లీమీటర్ల వాన మన దగ్గర పెద్ద విశేషం కాదు కదా. మీ పడవ లోపల విస్తీర్ణం ఏడెనిమిది చదరపు మీటర్లు ఉంటుంది, అంటే ఒక్క రాత్రిలో ముప్పావు టన్ను నీళ్ళు చేరతాయి. ఏటవాలుగా టార్పాలిన్ కట్టండి, మధ్యలో కర్ర నిలబెట్టండి, లేదంటే టార్పాలినే చెరువైపోతుంది. పడవ పక్క పడవ కట్టి వరసగా నాలుగైదు ఉన్న చోట లోపలి వరసలో ఉండకండి, 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుకి అంటుకున్న మంట ఆనుకుని కట్టిన బోట్లకి పాకి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. రాత్రి వదిలేసేటప్పుడు పెట్రోల్ ట్యాంకు పైపు విప్పి ట్యాంకు ఇంటికి తీసుకెళ్ళడం కష్టమేమీ కాదు.

గట్టుకి కాకుండా నీళ్ళలోనే శాశ్వతంగా ఒక కట్టు వేసుకుందాం, సిమెంటు దిమ్మ పోయించి వేస్తాను అన్నారు. వేయండి కానీ ఒక లెక్క మర్చిపోకండి, కాంక్రీటు నీళ్ళలో మునిగాక దాని బరువులో 40 శాతం పైగా పోతుంది, గట్టు మీద 100 కిలోలున్న దిమ్మ నీళ్ళ అడుగున 58 కిలోలే. ఇసుక బస్తాలు వేస్తారు కొందరు, అవి చినిగిపోయాక మిగిలేది ఖాళీ గోతం. పాత లారీ ఇనుప సామాను, రైలు పట్టా ముక్క లాంటిది దొరికితే అది మేలు, ఇనుము నీళ్ళలో 13 శాతం దాకా మాత్రమే కోల్పోతుంది. ఒండ్రులో ఏదైనా కొన్నాళ్ళకి దిగబడి పట్టు పెరుగుతుంది, దిమ్మ అడుగు వెడల్పుగా, ఎత్తు తక్కువగా పోయించండి. ఓడరేవు వాళ్ళనీ పడవ తోలేవాళ్ళనీ అడక్కుండా పంటు దారిలో మాత్రం వేయకండి.

చివరిది లాగించుకోవడం. ఇంజన్ ఆగగానే అందరూ చేసే పని కవరు విప్పి ప్లగ్గు చూడటం. అది తర్వాత. ముందు లంగరు వేయండి, పడవ ఒక చోట నిలబడితే ప్లగ్గు తీరిగ్గా చూడొచ్చు, లేకపోతే ప్లగ్గు చేతిలో ఉండగా మొగలోకి వెళ్ళిపోతారు. ఇంజన్‌ని ఆపేసే కిల్ స్విచ్ తాడు ఊడిందా, ట్యాంకు మూత మీద గాలి స్క్రూ మూసేసి ఉందా అని చూడండి, నా దగ్గరికి ఆగిపోయిందని వచ్చే ఇంజన్లలో చాలావాటికి ఇంతకు మించి రోగం ఉండదు. అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, లాగేటప్పుడు కూడా, ముఖ్యంగా లాగేటప్పుడు.

తాడు ఎక్కడ కడతారన్నది అసలు విషయం. ఇలాంటి చిన్న బోట్లలో క్లీట్లు చాలావరకు ఫైబర్ పైన స్క్రూలతో బిగించినవి, కింద ప్లేటు ఉండదు. లాగుడికి ఆ స్క్రూలు పీక్కొస్తే సాగిన నైలాన్ ఆ ఇనుప ముక్కతో సహా ముందు బోటులో కూర్చున్నవాళ్ళ మీదకి పోతుంది, మనుషుల్ని చంపేంత వేగం అది. ముక్కు కింద ట్రైలర్‌కి కట్టే ఇనుప రింగు ఉంటుంది చూడండి, బోల్టు లోపల దాకా వెళ్ళి ప్లేటుతో బిగించి ఉంటే దానికే కట్టండి, కిందకి ఉండటం వల్ల ముక్కు పైకి లేస్తుంది కూడా. అదీ నమ్మకం లేకపోతే అడ్డచెక్కకి చుట్టి తాడు ముక్కు మీదుగా తెచ్చుకోండి. లాగే బోటుకి వెనక రెండు మూలల నుంచి వీ ఆకారంలో తాడు కట్టి, దాని మధ్యలోంచి లాగే తాడు పోనివ్వాలి. ఒక్క మూల నుంచి లాగితే ఆ బోటు అటే తిరుగుతుంది, పక్కకి అడ్డంగా లాగుడు పడితే లాగే బోటే బోల్తా కొడుతుంది, సాయం చేయడానికి వచ్చినవాడు ముందు మునుగుతాడు. బిగిసిన తాడుకి సూటిగా ఎవరూ నిలబడకూడదు, రెండు బోట్లలోనూ చాకు చేతికందేలా ఉండాలి.

మీ బోటులో మనుషుల్నీ సామానునీ వెనక్కి జరపండి, ముక్కు తేలిగ్గా ఉంటే సూటిగా వస్తుంది. ఇంజన్ ఎత్తేయకండి, నీళ్ళలోనే నిటారుగా ఉంచి చుక్కానిలా వాడుకోండి, ముందు బోటు వెనకే నడపండి. నదిలో 15, 20 మీటర్ల తాడు చాలు, అలలుంటే పొడుగు పెంచి రెండు బోట్లూ ఒకేసారి అల ఎక్కేలా, ఒకేసారి దిగేలా సర్దుకోవాలి, ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగితే తాడు వదులై మళ్ళీ జెర్కుతో బిగుస్తుంది, తెగేది అప్పుడే. వేగం గంటకి 7, 8 కిలోమీటర్లు దాటొద్దు. మీ పొడవు పడవని దాని సహజ వేగం దాటించి లాగితే ముక్కు లేచి వెనకభాగం కూరుకుపోతుంది, 15 హెచ్‌పీ ఉంది కదా అని ఫ్రెండ్ త్రాటిల్ పెంచితే నీళ్ళు మీ వెనక నుంచే ఎక్కుతాయి. రేవు దగ్గరికొచ్చాక వెనక తాడుతో రాకండి, లాగే బోటు ఆగినా మీది ఆగదు, పోయి దాన్నే గుద్దుతుంది. కాస్త ముందే రెండు బోట్లూ పక్కపక్కన కట్టుకోండి, లాగే బోటు ఇంజన్ మీ పడవ వెనక చివర కన్నా ఇంకొంచెం వెనక్కి ఉండాలి, అప్పుడే తిప్పితే రెండూ కలిసి తిరుగుతాయి.

అంతర్వేది వైపు మొగ దాటి సముద్రంలో ఆగిపోతే మాత్రం ఫ్రెండ్ బోటుతో మొగలోంచి లాగించుకునే ప్రయత్నం పాటు మీద చేయొద్దు. బయటికి పోయే నీరు లోపలికొచ్చే అలకి ఎదురుపడి అక్కడే అల నిలువుగా విరుగుతుంది. బయట లంగరేసుకుని నీరు తిరిగి పోటు మొదలయ్యేదాకా ఆగండి, అందుకే సముద్రానికి వెళ్ళేటప్పుడు తాడు 50 మీటర్లు కాదు 100 ఉండాలి. కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, ఫోన్లో సేవ్ చేసుకోండి, సిగ్నల్ ఉన్నప్పుడే చేయండి, చీకటి పడేదాకా ఆగకండి. వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉంటే ఛానల్ 16.

మీ బోటు ముక్కు రింగు లోపలి వైపు, క్లీట్ల కింద భాగం ఫోటోలు తీసి పెట్టండి, పైనుంచి తీసినవి కాదు, లోపల చెయ్యిపెట్టి తీసినవి. ప్లేటు ఉందో లేదో చూసి ఏం మార్చాలో చెప్తాను, అప్పటిదాకా ఎవరినీ లాగకండి, ఎవరితోనూ లాగించుకోకండి.